లోపలి అద్దం

ఆసుపత్రి గదిలో గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది. నాలుగింటికి ఆ చూపు యంత్రాన్ని విప్పి పెట్టెలో సర్దేస్తారు. రేపు పొద్దున్నే అది జాబితాలో మా తర్వాతున్న మనిషి ఇంటికి వెళ్ళిపోతుంది. ఈలోగా మా బావ తన కుర్చీని కళ్ళతోనే మూడుసార్లు కదిలించి, ఒకసారి ఆపి చూపించాలి. మొత్తం మూడు అవకాశాలు. రెండు అప్పటికే పోయాయి.

బావంటే మా అక్క మొగుడు. ఇరవై రెండేళ్ళు ఆయన పదిహేడో నంబరు బస్సుకి డ్రైవరు, నేను అదే బస్సుకి కండక్టర్ని. డిపోలో ఆయన్ని లివరు మాస్టారనేవాళ్ళు. నన్ను రైట్‌రైట్ అనేవాళ్ళు. నాలుగేళ్ళ కిందట ఆయనకి నరాల జబ్బు పట్టుకుంది. ముందు వేళ్ళు పోయాయి, తర్వాత కాళ్ళు, తర్వాత మాట. మనిషి మొత్తంలో ఇప్పుడు ఆయన చెప్పినట్టు వినేవి రెండే, రెండు కళ్ళు.

ఆయన కూర్చున్నది బ్యాటరీ కుర్చీ. స్విచ్చి నొక్కితే సీటు మొత్తం వెనక్కి వాలుతుంది, వీపు పలక విడిగా వాలుతుంది, కాళ్ళ పలకలు పైకి లేస్తాయి. అరగంటకోసారి ఇలా వాల్చకపోతే ఒంటి బరువంతా ఒక్కచోటే పడి చర్మం పుండవుతుంది. పోయిన వానాకాలం ఒక పుండు పడింది. ఆరు వారాలు ఆసుపత్రిలో బోర్లా పడుకోబెట్టారు. ఆ స్విచ్చి కుర్చీ వెనకాల ఉంటుంది, మా అక్క చేతికి అందేలా. అరగంటకోసారి ఆవిడ చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చి నొక్కుతుంది. ఎప్పుడూ మర్చిపోలేదు. కానీ ఆవిడ నొక్కిన ప్రతిసారీ బావ మొహంలో ఒక రంగు మారుతుంది. అదెందుకో నాకు తెలుసు.

ఎందుకంటే ఆయన సీటు ఇంకొకరు ముట్టుకుంటే ఆయన సహించేవాడు కాదు. డ్యూటీ ఎక్కిన రోజు నుంచీ అంతే. బస్సు బయల్దేరే ముందు పది నిమిషాలు సీటు కింద పళ్ళచట్రంలో ఉండే లివరుతో కుస్తీ పట్టేవాడు. ముందుకి రెండు పళ్ళు, పైకి ఒక పన్ను, మళ్ళీ కొంచెం వెనక్కి. ఇంజను వేడికి అట్టకట్టిన పాత దిండుని తట్టి తట్టి సరిచేసి, కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చునేవాడు. ఎక్కిన జనం గొణుక్కునేవాళ్ళు. పెళ్ళికూతురు ముస్తాబు కూడా ఇంతసేపు పట్టదు బావా అని నేను దెప్పేవాణ్ణి. సీటు కుదరకపోతే బండి కుదరదురా, నీ టిక్కెట్లు నువ్వు చూసుకో అనేవాడు. సెలవు రోజున వేరే డ్రైవరు ఆ లివరుని అర పన్ను జరిపినా, మర్నాడు కూర్చోగానే కనిపెట్టి డిపో అంతా గోల చేసేవాడు. అలాంటి మనిషి సీటు ఇప్పుడు ఎవరు ఎటు నొక్కితే అటు వాలుతోంది.

అందుకే ఈ యంత్రం. కుర్చీకి ఒక ఇనుప చెయ్యి బిగించి, దానికి పలకంత తెర తగిలించారు. తెర కింద నల్లటి పట్టీ ఉంటుంది. ఆ పట్టీ ఆయన కళ్ళని చూస్తూ, చూపు తెర మీద ఎక్కడుందో కనిపెడుతుంది. తెర మీద నాలుగు గళ్ళు: సీటు, వీపు, కాళ్ళు, ఆపు. ఒక గడి మీద ఒక్క సెకను చూపు నిలిపితే చాలు, ఆ పని జరిగిపోతుంది. మళ్ళీ చూస్తే వెనక్కి వస్తుంది. చెప్పుకోడానికి అంతే.

మాకు అప్పగించిన టెక్నీషియన్‌కి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. కోటు జేబులో ఎప్పుడూ రెండు స్పానర్లు గలగల్లాడుతుంటాయి. మంచి పిల్ల. మొదటిరోజే ఒక తమాషా జరిగింది. నడుం దగ్గర నొప్పిగా ఉందా అంకుల్ అని అడిగితే బావ ఒక్కసారి రెప్ప వేశాడు. ఆ అమ్మాయి కంగారుపడిపోయి పావుగంట సేపు దిండ్లన్నీ తీసి మార్చింది. మా ఇంట్లో లెక్క వేరని అప్పుడు చెప్పాం. బస్సులో ఒక బెల్లు కొడితే ఆపమని, రెండు కొడితే పోనివ్వమని. మాకు ఒక రెప్ప అంటే వద్దు, రెండు రెప్పలంటే సరే. ఆ అమ్మాయి నవ్వి, చేతి మీద పెన్నుతో రాసుకుంది.

మధ్యాహ్నం మొదటి ప్రయత్నం బ్రహ్మాండంగా మొదలైంది. కళ్ళని కొలవడానికి తెర మీద చుక్కలు ఒక్కోచోట వెలిగి ఆరిపోతాయి, వాటిని చూపుతో పట్టుకోవాలి. బావ ఒక్క చుక్క కూడా వదల్లేదు. ఇంత చురుకైన కళ్ళు నేను చూడలేదు ఆంటీ అని ఆ అమ్మాయి అక్కతో అంది. అక్క మొహం వెలిగిపోయింది. తర్వాత గళ్ళు వచ్చాయి. పది నిమిషాల్లో ఒక్క గడి కూడా పలకలేదు. చూపు ఇలా వాలడం, అలా ఎగిరిపోవడం. కుర్చీ రాయిలా ఉండిపోయింది.

సరే, సెకను ఎక్కువైందేమో అని ఆ అమ్మాయి దాన్ని అరసెకను చేసింది. అది రెండో ప్రయత్నం. ఈసారి కుర్చీకి పూనకం వచ్చింది. కాళ్ళు లేచాయి, వీపు పడిపోయింది, కాళ్ళు దిగుతుండగానే సీటు వాలడం మొదలైంది. బావ తల దిండు మీంచి పక్కకి జారిపోయింది. టెక్నీషియన్ ఒక్క గెంతులో వెనక్కి వెళ్ళి ఎర్రబటన్ కొట్టింది. అక్క గబగబా వచ్చి తల సర్దింది.

ఆ అమ్మాయి కాగితాల్లో ఏదో రాసింది. నేను భుజం మీంచి తొంగి చూశాను. చూపు నిలవడం లేదు, అని ఉంది. ఒక్కోసారి జబ్బు అక్కడిదాకా కూడా వస్తుందని, అప్పుడు ఈ యంత్రం పనికిరాదని, వెనక స్విచ్చితోనే సరిపెట్టుకోవాల్సి వస్తుందని నెమ్మదిగా చెప్పింది. మూడో ప్రయత్నం ఉందిగానీ ఆయన్ని ఇంకా అలసటపెట్టడం ఎందుకు, వదిలేద్దామా అని అడిగింది. అక్క బల్ల మీద కూలబడింది. బావ ఒక్కసారి రెప్ప వేశాడు. వద్దు. వదలొద్దు అని ఆయన అర్థం. ఆ అమ్మాయి కూడా ఈసారి సరిగ్గానే చదువుకుంది.

అప్పుడు గడియారం మూడుంపావు.

ఏం చెయ్యాలో తోచక అలవాటు కొద్దీ వెళ్ళి కుర్చీ వెనకాల నిలబడ్డాను. పొద్దుట్నుంచీ పక్క బల్ల మీద కూర్చునే చూస్తున్నాను. ఆ గదిలో ఎదురుగోడకి పెద్ద అద్దం ఉంది. పేషెంట్లు వంకరగా కూర్చున్నారో నిటారుగా కూర్చున్నారో చూడటానికి పెట్టిన అద్దం. నేను వెనకాల నిలబడేసరికి తెర పైఅంచు మీదుగా అందులో బావ కళ్ళు కనబడ్డాయి. కళ్ళు మాత్రమే.



ఇరవై రెండేళ్ళు నేను ఆ మనిషిని చూసింది అలాగే. బస్సులో డ్రైవరు తల మీద లోపలి అద్దం ఒకటి ఉంటుంది. వెనక నిలబడ్డ కండక్టరుకి డ్రైవరు వీపు, ఆ అద్దంలో రెండు కళ్ళు, ఇవే కనబడతాయి. టిక్కెట్లు చింపుతూ, సంచీ భుజాన సర్దుకుంటూ, జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ ఎన్ని లక్షలసార్లు ఆ కళ్ళ వైపు చూసుంటాను. ఆయనకి కోపమొచ్చినా, నిద్ర చాలకపోయినా, మా అక్కతో గొడవపడి వచ్చినా నాకు ముందు తెలిసేది అందులోనే. ఇప్పుడు అదే అద్దం, అవే కళ్ళు. అవి చేస్తున్న పని కూడా అదే. ఎదురుగా, ఎడమకి, ఎదురుగా, కుడికి, కిందికి, మళ్ళీ ఎదురుగా. లెక్క తప్పకుండా, మళ్ళీ మళ్ళీ.

రోడ్డు. ఎడమ అద్దం. రోడ్డు. కుడి అద్దం. మీటరు. రోడ్డు.

ఆయన చూపు చెడిపోలేదు. ఆయన డ్యూటీలో ఉన్నాడు.

సీటు కదలబోతోందంటే ఆయన ఒంటికి తెలిసిన అర్థం ఒక్కటే, బండి కదలబోతోందని. బండి కదిలేటప్పుడు డ్రైవరు కన్ను ఎక్కడా నిలవదు. కొత్త డ్రైవర్లకి ఆయన నేర్పిన మొదటి పాఠం అదే. ఒకేచోట సెకను చూశావంటే మిగతా అంతా చూడనట్టే అనేవాడు. ఈ యంత్రమేమో సెకను చూస్తే తప్ప కదలనంటోంది. ఇద్దరికీ పొత్తెలా కుదురుతుంది?

టెక్నీషియన్‌ని లాక్కొచ్చి నా పక్కన నిలబెట్టి ఆ కళ్ళు చూపించాను. నేను వరస చెబుతుంటే ఆ అమ్మాయి వేళ్ళతో లెక్కపెట్టింది. నాలుగు చుట్లు ఒక్కటి కూడా తప్పలేదు. స్పానర్లున్న జేబులో చెయ్యి పెట్టుకుని వాటిని గలగల్లాడించింది. తర్వాత ఒకే ఒక ప్రశ్న వేసింది.

"మరి ఆయన చూపు ఎప్పుడూ, ఎక్కడా నిలిచేదే కాదా? ఇరవై రెండేళ్ళలో ఒక్కచోట కూడానా?"

లేదని చెప్పబోయి ఆగిపోయాను. ఉంది. ఒక్కచోట ఉంది. దాని గురించి నేను ఎవరితోనూ మాట్లాడను.

మా జోడీ కుదిరిన మొదటి ఏడాది. వానపడుతోంది, బస్సు కిక్కిరిసి ఉంది. వెనక మెట్టు దగ్గర జనం దిగుతున్నారు. నాకు తొందర, ఆలస్యమైపోతోందని. అందరూ దిగారనుకుని రైట్ రైట్ అని అరిచాను. బస్సు కదల్లేదు. మళ్ళీ అరిచాను. కదల్లేదు. విసుక్కుంటూ తలెత్తితే లోపలి అద్దంలో ఆయన కళ్ళు రెప్ప వెయ్యకుండా నా వైపే చూస్తున్నాయి. కాదు, నా వెనక మెట్టు వైపు. తిరిగి చూశాను. ఒక ముసలావిడ, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గాల్లో, కొంగు తలుపు గొళ్ళేనికి చిక్కుకుని ఉంది. నా మాట విని కదిలించి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోను. ఆ రోజు డిపోలో ఆయన నన్ను ఒక్క మాట తిట్టలేదు. "నేను నీ మాట మీద కదలను బావమరిదీ. నీ మొహం చూసి కదులుతా," అన్నాడు. అంతే. ఆ తర్వాత ప్రతి స్టాపులోనూ అంతే. అన్ని అద్దాలూ ఒక చుట్టు చుట్టి వచ్చి, చివరికి ఆయన చూపు లోపలి అద్దంలో నా మొహం మీద వాలి, అక్కడ నిలిచేది. నేను చెయ్యెత్తేదాకా.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాను. అక్క కూడా వింది. కొంగు సంగతి ఆవిడకి అప్పటిదాకా తెలియదు.

టెక్నీషియన్ అప్పటికే తెర మీద పని మొదలుపెట్టేసింది. తెర పైభాగాన, సరిగ్గా మధ్యలో, అడ్డంగా పొడవాటి గడి ఒకటి కొత్తగా చేసింది, లోపలి అద్దంలా. మిగతా నాలుగు గళ్ళని నిద్రపుచ్చింది. పై గడి మీద సెకను చూపు నిలిపితేనే అవి మేల్కొంటాయి. మేల్కొన్నాక అరసెకను చూస్తే చాలు, పని జరుగుతుంది. మొదలైన కదలిక ఆపు గడి చూస్తే ఆగిపోతుంది. ఇక ఆయన ఎంతసేపు ఎన్ని అద్దాలు చూసుకున్నా కుర్చీ మాట్లాడదన్నమాట.

పెట్టి చూశాం. బావ చూపు పై గడి మీదికి వచ్చింది, దాటిపోయింది. ఖాళీ ఆకుపచ్చ గడి. అందులో చూడటానికి ఏముంది?

మూడూ ముప్పై ఎనిమిది.

ఆ అమ్మాయి నన్ను తలుపు దగ్గర నిలబెట్టి ఫోను తీసింది. చెయ్యెత్తమంది. నేను చెయ్యెత్తి, ఫొటో కదా అని కాస్త నవ్వాను. బల్ల మీంచి అక్క గొంతు వినబడింది.

"నవ్వకురా. బస్సులో ఏనాడైనా నవ్విన మొహమేనా అది? ఆయన పోల్చుకోవద్దూ."

మొహం ముడుచుకుని నిలబడ్డాను. ఆ బొమ్మ పై గడిలోకి ఎక్కింది. వెనక తలుపు, నెరిసిన మీసం, ఎత్తిన చెయ్యి. బావ చూపు ఎడమకి వెళ్ళింది, ఎదురుగా వచ్చింది, కుడికి వెళ్ళింది, కిందికి దిగింది, పైకి లేచింది. నా బొమ్మ మీద వాలింది.

నిలిచింది.

బొమ్మ చుట్టూ తెల్లటి గీత మెల్లిగా చుట్టు తిరిగి పూర్తయింది. నాలుగు గళ్ళూ ఒక్కసారిగా వెలిగాయి.

పరీక్షకి నియమం ఒక్కటే. టెక్నీషియన్ తప్ప గదిలో ఎవరూ నోరు మెదపకూడదు, సైగ చెయ్యకూడదు. ఆయన ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా చెయ్యగలగాలి కదా. నేను పెదాలు బిగబట్టుకుని నిలబడ్డాను. టెక్నీషియన్ స్టాప్‌వాచ్ నొక్కింది.

మొదటిది సీటు. నా బొమ్మ, తర్వాత గడి. మోటారు చిన్నగా గుర్రుమంది, కుర్చీ మొత్తం ఆయన్ని ఎత్తుకున్నట్టు వెనక్కి వాలింది. సగంలో ఆపు గడి చూశాడు. ఆగింది. కొంచెం ముందుకి తెచ్చాడు. ఆపాడు. మళ్ళీ ఇంకాస్త వెనక్కి. టెక్నీషియన్‌కి అర్థం కాలేదు, ఒక్కసారి వాలిస్తే చాలుగా అన్నట్టు నా వైపు చూసింది. నాకు మాత్రం తెలిసిపోయింది. ముందుకి రెండు పళ్ళు, పైకి ఒక పన్ను, మళ్ళీ కొంచెం వెనక్కి. నాలుగేళ్ళ తర్వాత మా లివరు మాస్టారు సీటు సర్దుకుంటున్నాడు. టైము అయిపోతోంది బావా అని మనసులోనే మొత్తుకున్నాను. పదిహేడో నంబరు ఏనాడూ ఆయన సీటు కుదరకుండా బయల్దేరలేదు. ఇప్పుడూ తొందరపడలేదు.

రెండోది వీపు, అయింది. మూడోది కాళ్ళు. పలకలు తిన్నగా పైకి లేచాయి. అయింది. ఇక మిగిలింది ఆపడం. కాళ్ళు కిందికి దిగుతుండగా టెక్నీషియన్ ఆపండి అంటుంది, రెండు సెకన్లలో ఆపు గడి చూసి ఆపెయ్యాలి. నా బొమ్మ మీద చూపు. గళ్ళు వెలిగాయి. పలకలు దిగడం మొదలైంది. టెక్నీషియన్ కళ్ళు స్టాప్‌వాచ్ మీద ఉన్నాయి. నా కళ్ళు తెర మీద ఉన్నాయి.

పలకలు ఆగిపోయాయి.

ఆపండి అని ఎవరూ అనలేదు. తెర మీద ఆపు గడి ఎర్రగా వెలుగుతోంది. చెప్పకుండానే ఆపేశాడు. మూడో అవకాశమూ పోయింది అనుకున్నాను. టెక్నీషియన్ తలెత్తింది, ఏదో అనబోయింది.

"ఏమైంది? ఎందుకాపారు?" అని కుర్చీ కిందనుంచి అక్క గొంతు వచ్చింది.

ఎడమ పక్కన నేల మీద మోకాళ్ళ మీద ఉంది ఆవిడ. బావ మోకాలి కింద పెట్టే మెత్త జారి కుర్చీ కిందికి దొర్లిందట. మాట్లాడకూడదన్నారని మాట్లాడకుండా వంగి, చెయ్యి చాచి తీస్తోంది. ఇనుప పలక ఆవిడ మణికట్టుకి నాలుగు వేళ్ళ ఎత్తులో ఆగి ఉంది. నేను చూడలేదు. టెక్నీషియన్ చూడలేదు. మేమిద్దరం ఒకేచోట చూస్తున్నాం. చూసింది ఒక్క జత కళ్ళే, ఎక్కడా నిలవని కళ్ళు. తెర పక్కనుంచి ఆయన ఎడమ అద్దం వంతు వచ్చినప్పుడు చూశాయి.

టెక్నీషియన్ స్టాప్‌వాచ్ ఆపి బల్ల మీద పెట్టింది. కాగితం తీసుకుంది. చూపు నిలవడం లేదు అన్న మాట కొట్టేస్తుందనుకున్నాను. కొట్టెయ్యలేదు. దాని పక్కనే ఇంకో మాట రాసింది. నిలవాల్సిన అవసరం లేదు, అని. కింద సంతకం చేసి, యంత్రం వీళ్ళ ఇంటికే అన్న గడిలో టిక్కు పెట్టింది. అప్పుడు మూడూ యాభై రెండు.

అక్క మెత్త తీసుకుని లేచి పక్కకి వచ్చింది. దారి ఖాళీ అయింది. కానీ పలకలు దిగలేదు. ఆయన కాళ్ళు గాల్లో సగంలోనే ఉండిపోయాయి. అక్క కంగారుగా అలసిపోయారా అని అడిగింది. ఒక్క రెప్ప. కాదు. నొప్పా అంది. ఒక్క రెప్ప. టెక్నీషియన్ తెర దగ్గరికి వెళ్ళి యంత్రం ఆగిపోయిందేమో అని చూసింది. బాగానే ఉంది.

నేను ఎదురుగోడ అద్దంలోకి చూశాను. ఆయన కళ్ళు తెర మీద లేవు. నా బొమ్మ మీద లేవు. తెర పైనుంచి అద్దంలో సూటిగా నన్నే చూస్తున్నాయి.

పరీక్ష అయిపోయిందా అమ్మా అని టెక్నీషియన్‌ని అడిగాను. అయిపోయిందంది. ఇక మాట్లాడొచ్చా అని అడిగాను. తలూపింది. నేను వంగి కుర్చీ కిందికి చూశాను. ఎడమ పక్క చూశాను, కుడి పక్క చూశాను. అక్క కొంగు ఎక్కడైనా పలకకి చిక్కుకుందేమో అని అది కూడా చూశాను. లేచి నిలబడి చెయ్యెత్తాను.

"రైట్ రైట్."

కాళ్ళు దిగలేదు. బావ చూపు ఎడమకి వెళ్ళింది, ఎదురుగా వచ్చింది, కుడికి వెళ్ళింది, కిందికి దిగింది. మళ్ళీ అద్దంలోకి వచ్చి నా మొహం మీద ఆగింది. ఇరవై రెండేళ్ళలో ఒక్కనాడు కూడా నా మాట మీద కదల్లేదు ఆ మనిషి, ఇప్పుడు కదులుతాడా? నేను ఎత్తిన చెయ్యి దించకుండా నిలబడ్డాను.

రెండు రెప్పలు వేశాడు. చూపు తెర మీది నా బొమ్మకి, అక్కణ్ణుంచి కాళ్ళ గడికి దిగింది. పలకలు మెల్లిగా కిందికి దిగాయి.